మగ్గము లేని బట్టల వర్తకుడు

గుడ్డ నేయుట ఒక యెత్తు, నేసిన గుడ్డను సొమ్ము చేసికొనుట మరియొక యెత్తు. షోలాపురములో గాని, సేలములో గాని, బరంపురములో గాని, బెంగుళూరు కబ్బన్‌పేటలో గాని మన నేతవారు నలుగురు కూడినచోట మాట నూలు ధరతో మొదలగును; రంగుల ధర మీదుగా పోయి, చివరకు సరుకు కదలుట లేదన్న చోట ఆగును. మడత పెట్టిన తాను బీరువాలో చేరినది. దానితోపాటు నూలుకు తెచ్చిన అప్పు చేరినది, ఇంటిల్లిపాది పది దినముల కష్టము చేరినది. అది మరల రూపాయి రూపమున ఎప్పుడు బయటికి వచ్చునో ఎవరును చెప్పలేరు. 2019-20 చేనేత గణనలో దేశమున 26 లక్షల 73 వేల మంది నేతవారున్నట్లు తేలినది. చేనేత కుటుంబములలో ఇంచుమించు మూడింట రెండు వంతులకు నెలరాబడి 5,000 రూపాయలకు లోపేనట. ఇది పనితనము చాలక వచ్చిన దుఃస్థితి యని మేము నమ్మము.

ఈ సంచికలో ఒక వర్తకుని చరిత్ర మన సభ్యుల ముందుంచదలచితిమి. ఆయన పేరు జాన్ బిస్సెల్. అమెరికా దేశస్థుడు. ఆయనకు వంశపారంపర్యముగా వచ్చిన మగ్గము లేదు, కొనుక్కొన్న మగ్గమును లేదు. అయినను ఆయన 1960లో పెట్టిన ఫ్యాబిండియా అను సంస్థ పేరు నేడు పట్టణములలో తెలియనివారు అరుదు. మన మంగళగిరి గుడ్డ, పోచంపల్లి ఇకత్తు, పెడన కలంకారీ అద్దకము ఆ దుకాణములలో అమ్ముడగుచున్నవి. ఆయనకు మంగళహారతులు పాడుట మా ఉద్దేశము గాదు. నేతవానికిని కొనువానికిని నడుమ నిలుచు మనిషి న్యాయముగా నడువవలెనన్న ఏమేమి చేయవలసియుండునో ఆ కథలో కనబడును. ఆ న్యాయము ఆ మనిషితోనే ముగిసిపోకుండవలెనన్న ఇంకేమి కావలెనో అదియును అందే కనబడును. కావున చెప్పుచున్నాము.

ఢిల్లీ ఎంపోరియము

స్వాతంత్ర్యము వచ్చిన తొలిదినములలో చేతిపనుల అమ్మకము సంగతి ముందుగా పట్టించుకొన్నవారిలో కమలాదేవి చటోపాధ్యాయ గారు ముఖ్యులు. దేశ విభజనతో కాందిశీకులై వచ్చినవారికి జీవనోపాధి చూపుటకై 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ ఏర్పడినది. 1952లో ఢిల్లీలోని కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియము నిర్వహణ ఆ యూనియను చేతికి వచ్చినది. ఆ 1952లోనే అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడినది. మరుసటి సంవత్సరము మిల్లు గుడ్డపై అదనపు సుంకము విధించి, ఆ సొమ్మును ఖాదీ చేనేతల అభివృద్ధికి వినియోగించు చట్టము వచ్చినది. ఆ సొమ్ముతోనే సహకార సంఘములకు మూలధనము, పండుగలకు రిబేటు మొదలైనవి వచ్చినవి.

రిబేటు వలన మేలు లేదనలేము. కాని దానితో ఒక జబ్బు కూడ పట్టుకొన్నది. కొనువాడు సంక్రాంతికి, దీపావళికి తగ్గింపు ఎప్పుడు వచ్చునా యని కాచుకొని కూర్చుండుట నేర్చినాడు. సంఘపు అధ్యక్షుడు గుడ్డను చూచుటకంటె రిబేటు బకాయి కొరకు ఆఫీసుల చుట్టు తిరుగుటలో ఎక్కువ కాలము గడుపవలసి వచ్చినది. ఏ ఊరి ఆడపడుచులు ఏ రంగు కోరుచున్నారు, ఏ దేశపు ఇండ్లలో ఏ కొలత తెరలు వేలాడదీయుదురు, ఈ సంగతులు కనుగొని వచ్చి మగ్గము దగ్గర చెప్పు మనిషి మాత్రము ఆ ఏర్పాటులో తరచుగా కనబడలేదు.

అట్టి మనిషి కొరకే ఫోర్డు ఫౌండేషను వారు 1958లో బిస్సెల్ గారిని రెండేండ్ల పనిపై ఢిల్లీకి పంపిరి. ఆయన అంతకుముందు న్యూయార్కులోని మేసీస్ అను పెద్ద అంగడిలో సరుకు ఎంపిక చేసి కొను ఉద్యోగము చేసినవారు. అనగా బల్లకు అవతలివైపున కూర్చుండినవారు. కొనువాడు ఎందుకు కొనునో, ముఖ్యముగా ఎందుకు వద్దనునో, ఆయనకు అనుభవపూర్వకముగా తెలియును. ఎంపోరియమునకు సలహాదారుగా ఆయన చేయవలసిన పని, మన పల్లెల చేతిపనులు విదేశములలో అమ్ముడగునట్లు తీర్చిదిద్దుట.

రెండేండ్లు గడచిన పిమ్మట ఇట్టి సలహాదారులు సాధారణముగా నివేదిక వ్రాసి ఓడ యెక్కి పోవుదురు. ఈయన పోలేదు. నాయనమ్మగారి వలన తమకు సంక్రమించిన 20,000 డాలర్లు పెట్టుబడిగా పెట్టి, 1960లో స్వరాష్ట్రమైన కనెక్టికటులోని కాంటన్ అను ఊర ఫ్యాబిండియా పేరిట కంపెనీ రిజిస్టరు చేయించిరి. ఢిల్లీ గోల్ఫ్ లింక్సు పేటలో తమ పడకగది ప్రక్కనున్న రెండు గదులే ఆఫీసు. పని విదేశములకు ఎగుమతి. ధర్మసంస్థ పెట్టుటకు గాని, గ్రాంటులు తెచ్చుటకు గాని ఆయన పూనుకొనలేదు. లాభము రావలెను, నేయువానికి నికరమైన పని దొరకవలెను, రెండును కలిసియే సాగవలెనని ఆయన తలంపు. జాలిపడి ఒక పర్యాయము కొన్నవాడు రెండవ పర్యాయము రాడనుట వర్తకము చేసినవారందరు ఎరిగినదే.

లేత రంగులు, సరియైన తూకము

ఆ తొలి సంవత్సరములలో బిస్సెల్ గారు నేతపల్లెలు చాల తిరిగిరి. ఆయన వెదకినవి వినుటకు స్వల్పముగా తోచును: సాదా నేత, లేత రంగులు, చెప్పిన తూకమునకు సరిపోవు గుడ్డ. మన చదువరులలో మగ్గముపై కూర్చుండినవారికి ఈ మూడును ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. అయినను నేటి యువకుల కొరకు కొంచెము వివరింతుము.

ముదురు రంగు, జరీ, బుటా ఇవన్నియు తప్పును దాచును. చిలకపచ్చ చీరలో పడుగు పోగు ఒకటి తెగి ముడివేసినను చూచువాని కన్ను అంచు మీదికి పోవును. గంజి రంగు తెరగుడ్డలో అట్లు కాదు. ముడి కనబడును, నూలు ఒకచోట లావై యొకచోట సన్నమైనచో కనబడును, నేతగాని చేతి నూనెమరక కనబడును. ఇక రంగు సంగతి. నూలు చిలుపలను చిన్న తొట్టిలో కొన్ని కొన్నిగా అద్దుదురు. నిన్నటి తొట్టిలోని గోధుమరంగునకును నేటి తొట్టిలోని గోధుమరంగునకును అద్దకపువాని కంటికి భేదము తోచకపోవచ్చును. కాని ఆ రెండు చిలుపలు ఒకే తానులో పేకగా పడినచో నడిమి భాగమున అడ్డగీత వచ్చినట్లు తేటగా తెలియును. చీరకైతే ఐదు గజములో ఆరు గజములో ఒక్క తొట్టి నూలు చాలును. ఒక విదేశపు అంగడివాడు వేయి గజముల సోఫాగుడ్డ అడిగినప్పుడు ఆ వేయి గజములును ఒకే ఛాయలో ఉండవలెను. ఏలయన లండనులో ఒక గృహిణి ఈ నెల కుర్చీకి, వచ్చు నెల తెరకు అదే గుడ్డ కొనును.

తూకము మరియొకటి. ఒకే అచ్చు, ఒకే నంబరు నూలు వాడినను, ఉదయము నేసిన గజమునకును సాయంకాలము నేసిన గజమునకును పేకపోగుల లెక్కలో తేడా వచ్చును. చేయి అలసిన కొలది పలక దెబ్బ తేలికపడును. భర్త లేచిన మగ్గముపై భార్య కూర్చున్నచో దెబ్బ మారును. ఇది నేరము గాదు, మనుష్యుడు యంత్రము గాడు. కాని ఆర్డరు కాగితముపై గజము బరువు ఇంత, వెడల్పు ఇంత, అంగుళమునకు పోగులింత యని వ్రాసియుండును. ఆ కాగితమునకును ఈ చేతికిని రాజీ కుదుర్చువాడే నిజమైన విక్రయకర్త. అతడు నేతవాని యొద్దకు వచ్చినప్పుడు కొనువాని పక్షమున కొలతబద్ద పట్టుకొనవలెను. కొనువాని యొద్దకు పోయినప్పుడు నేతవాని పక్షమున, చేనేతలో ఇంత వ్యత్యాసము సహజము, దీనిని సహింపలేనిచో మిల్లుగుడ్డ కొనుక్కొనుడని చెప్పగలిగియుండవలెను. మన ఊళ్లలో దళారి యనబడువాడు మొదటి పని మాత్రమే చేయును. రెండవదానికి అతనికి నోరు రాదు. అతడు ఆ కొనువానిని ఎన్నడు చూచియుండడు గదా!

ఇట్టి పనికి తగిన మనిషిగా బిస్సెల్ గారికి పానిపట్టులో ఎ.ఎస్. ఖేరా గారు దొరికిరి. జంపఖానాలు, ఇంటి గుడ్డలు నేయించు వ్యాపారి ఆయన. ఆయనతో కుదిరిన సంబంధము ఏండ్ల తరబడి నడచినది. చౌకగా ఇచ్చువాడు కనబడినంతనే పాతవానిని విడిచిపెట్టుట ఎగుమతి వ్యాపారమున మామూలు. ఇక్కడ అట్లు జరుగలేదు. 1965 నాటికి సంస్థ అమ్మకము 20 లక్షల రూపాయలకు చేరి, పడకగది ప్రక్క గదులు విడిచి వేరు ఆఫీసు పెట్టుకొన్నది. ఈలోగా 1963లో బిస్సెల్ గారు బిమ్లా నందా గారిని వివాహమాడి ఢిల్లీలోనే స్థిరపడిరి.

ఈ సందర్భమున మన మద్రాసు గళ్ల గుడ్డ సంగతి తలంపునకు వచ్చుచున్నది. 1960 ప్రాంతములలో అమెరికాలో ఆ గుడ్డ చొక్కాలకు విపరీతమైన మోజు పుట్టినది. అందులోని రంగులు ఉతికినకొలది కారును. మొదట అది తప్పుగనే తోచినది. కాని అక్కడి ప్రకటనలవారు ఆ తప్పునే గుణముగా తిప్పి, ఉతికినకొలది గళ్లు ఒకదానిలో నొకటి కలిసి కొత్త అందము తెచ్చుకొనునని, రంగు కారుననుటకు హామీ యిచ్చెదమని ప్రచారము చేసిరి. జనము ఎగబడిరి. మన చీరాల మొదలు తమిళనాటి వరకు మగ్గములు రాత్రింబవళ్లు ఆడిన దినములవి. ఆ దశాబ్దము ముగియక మునుపే మోజు తగ్గినది. ప్రకటన వ్రాసినవాడు మరియొక సరుకునకు ప్రకటన వ్రాసికొన్నాడు. గళ్ల గుడ్డ తప్ప మరియొకటి ఎత్తని నేతవాని సంగతి అతనికెందుకు? మాటకారితనముతో అమ్మిన సరుకు ఎంత త్వరగా లేచునో అంత త్వరగా కూలుననుటకు ఇది చాలును. బిస్సెల్ గారి లేత రంగుల తెరగుడ్డకు అంత గొప్ప ప్రచారము ఎన్నడును లేదు. అందుచేతనే కాబోలు అది ఏటికేడు నిలకడగా పోయినది.

ఒకే కొనుగోలుదారు

1964లో ఇంగ్లండులో టెరెన్స్ కాన్రన్ అను శిల్పకారుడు హాబిటాట్ పేర గృహోపకరణముల దుకాణము తెరచెను. సాదా నేత, చేతి గుడ్డ ఆయన అభిరుచికి సరిపడినవి. కొంతకాలమునకు హాబిటాట్ ఫ్యాబిండియాకు పెద్ద ఖాతాదారైనది. దుకాణములు పెరిగినకొలది ఇక్కడ ఆర్డర్లు పెరిగినవి. పానిపట్టు మగ్గములకు తెరపి లేదు.

1970 తరువాత ఒకదాని వెంట నొకటి చిక్కులు వచ్చినవి. విదేశీ వాటా నూటికి 40కి మించరాదని ప్రభుత్వము నిబంధన పెట్టెను. కంపెనీని మార్చి కట్టవలసివచ్చినది. అప్పుడు బిస్సెల్ గారు వాటాలను కుటుంబమువారికి, పనివారికి, సరుకిచ్చు ఖేరా కుటుంబము వంటివారికి ఇచ్చిరి. ఈ చిన్న సంగతిని మన సభ్యులు గుర్తించవలెను. సరుకు నేయించి యిచ్చువాడు సరుకు అమ్ము కంపెనీలో భాగస్వామియైన తొలి సందర్భమది. అది చట్టపు ఒత్తిడి వలన జరిగినదే యనుకొందము. అయినను బయటి షావుకారును వెదకుకొనక, తనతో పనిచేసినవారినే పిలిచినాడు.

అత్యవసర పరిస్థితి కాలములో నివాసగృహములలో వ్యాపారము చేయరాదన్న ఆజ్ఞ వలన మధురా రోడ్డులోని చోటు ఖాళీ చేయవలసివచ్చినది. 1976లో గ్రేటర్ కైలాస్ ఎన్ బ్లాకు బజారులో చిల్లర దుకాణము తెరచిరి. అంతవరకు పై దేశములకు పంపిన గుడ్డ అప్పటినుండి ఢిల్లీవాసులకు కూడ దొరకినది. 1980 తరువాత కుర్తాలు మొదలైన కుట్టిన దుస్తులు వచ్చినవి. ఖద్దరు భండారునకు పోవుటకు మొగమాటపడు చదువుకొన్న యువతీయువకులు చేనేత గుడ్డ కట్టుట ఆ దుకాణమువంటివాటి వలన కొంత వ్యాపించినదనవచ్చును. అయినను కంపెనీ కాళ్లు ఎగుమతి మీదనే నిలిచియుండెను. ఎగుమతిలోనూ హాబిటాట్ మీద.

1992లో హాబిటాట్ చేతులు మారి, స్వీడను దేశపు ఐకియా స్థాపకుని కుటుంబమునకు చెందిన సంస్థ క్రిందికి పోయినది. కొత్త యజమానులు ఇండియాలో సరుకు కొనుటకు తమ సొంత ఏజెంటును పెట్టుకొనిరి. ఏండ్ల తరబడి తెచ్చిన ఆర్డరు ఆగిపోయినది. ఇందులో మోసము లేదు, ద్వేషము లేదు. ఎక్కడనో ఒక సంతకము పడినది, అంతే. ఆ మరుసటి సంవత్సరమే బిస్సెల్ గారికి పక్షవాతము వచ్చినది. కుమారుడు విలియం గారు బాధ్యత వహించిరి. తండ్రి 1998లో పరమపదించిరి.

ఫ్యాబిండియా అప్పుడు నిలిచినదనిన, దానికి ఢిల్లీలో సొంత దుకాణము, సొంత పేరు ఉండుటచేతనే. విదేశపు తలుపు మూసికొన్నప్పుడు స్వదేశపు తలుపు వెడల్పు చేసికొనగలిగినది. ఇదే దెబ్బ ఒక సహకార సంఘమునకు తగిలినచో ఎట్లుండెడిదో మనకు తెలియనిది కాదు. సంఘములు తమ సరుకులో అత్యధిక భాగము రాష్ట్ర అపెక్సు సంస్థకు గాని ప్రభుత్వ యూనిఫారముల ఆర్డరునకు గాని ఇచ్చి, ఆ చెల్లింపు ఆగినపుడు మగ్గములు దించుకొనుట మనము చూచుచునే యున్నాము. విదేశపు హాబిటాట్ కొరకు ఏడ్చుట ఎందుకు? మనలో ప్రతివానికిని ఒక హాబిటాట్ కలదు.

వాటా యెవరిది?

విలియం గారు తండ్రివలె గాక, ముందు పల్లెలో పని నేర్చినవారు. 1988లో చదువు ముగించి వచ్చి రాజస్థానమున భాద్రాజున్ ప్రాంతమున చేతిపనివారి ట్రస్టు పెట్టి వారితో తిరిగిరి. ఆయన కాలములో దుకాణములు దేశమంతట వ్యాపించినవి. 2022 నాటికి 300కు పైబడినవి. 50,000 మందికి పైగా చేతిపనివారితో తమకు సంబంధము కలదని కంపెనీ ఆ సంవత్సరము చెప్పుకొన్నది.

ఇంత పెరిగినప్పుడు తండ్రి నాటి స్నేహధర్మము సరిపోదు. జాన్ గారు ఖేరా గారిని ఎరుగుదురు, ఆయన ఇంటి శుభకార్యములెరుగుదురు. 50,000 మందిలో ఎవరిని ఎవరెరుగుదురు? యజమాని మనస్సాక్షి కొనుగోలు గుమాస్తా చేతిలోని కొలతబద్దగా మారిపోవును. ఈ చిక్కును గ్రహించియే కాబోలు, 2007లో ఆ కంపెనీవారు ప్రాంతముల వారీగా 17 సరఫరా కంపెనీలు ఏర్పరచి, వానిలో నూటికి 26 వాటాలు చేతిపనివారికని నిర్ణయించిరి. తమ అనుబంధ సంస్థ వాటా 49. ఈ అంకెలను మేము మంచి ఉద్దేశమునకు గుర్తుగనే తీసికొందుము. కాని 26 కంటె 49 పెద్దది. పైగా ఆ కంపెనీల సరుకునకు ముఖ్యమైన కొనుగోలుదారు ఫ్యాబిండియాయే. ధర నిర్ణయమున ఎవరి మాట చెల్లునో ఊహించుటకు పెద్ద లెక్కలు అక్కరలేదు.

దానికి ఒక సంవత్సరము ముందుగా, 2006లో, బికనీరు ప్రాంతమున వేరొక ప్రయత్నము జరిగినది. సుమితా ఘోష్ గారు ఆ ఎడారి పల్లెలలో అంతకు చాలకాలము క్రితమే భర్తతో కలిసి సేవ చేసినవారు. పిమ్మట అస్సాములో పనిచేయుచుండగా 1997లో భర్త సంజయ్ ఘోష్ గారిని తీవ్రవాదులు అపహరించి చంపిరి. ఆమె మరల రాజస్థానమునకు వచ్చి చేతిపనివారి కంపెనీ ఒకటి పెట్టదలచిరి. తాకట్టు లేనిదే అప్పు పుట్టదు గదా. అప్పుడు 1,000 మంది చేతిపనివారు తలకు 1,000 రూపాయలు వేసికొని 10 లక్షలు మూలధనము కూర్చిరి. అదియే రంగ్‌సూత్ర. వారు పెద్ద అంగళ్లవారికి సరుకు నేసి, కుట్టి ఇచ్చుచున్నారు. ఫ్యాబిండియా వారికి ముఖ్యమైన ఖాతాదారు, ఐకియా మరియొకరు. హాబిటాట్ ఆర్డరు ఆగిన కథలో వచ్చిన పేరే ఇక్కడ కొనుగోలుదారుగా వచ్చుట విచిత్రము! కొనువాడు మంచివాడా చెడ్డవాడా యని జాతకము చూచి లాభము లేదు. ఆ వేయిమందికి బేరమాడు బల్ల దగ్గర తమ కుర్చీ యున్నది.

పెద్ద సంస్థకు పేరుతో కూడ చిక్కులు తప్పలేదు. ఖాదీ యను మాటను అనుమతి లేక వాడినారని ఖాదీ కమిషనువారు 2018లో ఫ్యాబిండియాకు 525 కోట్ల రూపాయల నష్టపరిహారము కోరుచు నోటీసు ఇచ్చిరి. ఆ తగవులోనికి మేము దిగము. కాని చేతినేత అను మాటకు బజారులో ఎంత విలువ యున్నదో ఆ అంకె చెప్పుచున్నది. ఆ విలువలో నేసినవాని చేతికి వచ్చినదెంత?

2022 జనవరిలో ఫ్యాబిండియా తన వాటాలను స్టాకు బజారున అమ్మకమునకు పెట్ట నిశ్చయించి కాగితములు దాఖలు చేసినది. బిమ్లా గారును, ఖేరా కుటుంబమువారును తమ వాటాలలో 7 లక్షలకు పైగా చేతిపనివారికిని రైతులకును బహుమానముగా ఇచ్చెదమని అందు ప్రకటించిరి. పత్రికలన్నియు మెచ్చుకొన్నవి. 2023 ఫిబ్రవరిలో బజారు పరిస్థితులు అనుకూలముగా లేవని ఆ వాటాల విక్రయమును ఉపసంహరించుకొనిరి. బహుమానముగా వచ్చు వాటాకును, వేయి రూపాయలు పెట్టి కొనుక్కొన్న వాటాకును గల తేడా మేము వేరుగా చెప్పనక్కరలేదు. మొదటిది ఇచ్చువాని అనుకూలమును బట్టి యుండును.

నలభైయైదు దినములు

వేయిమంది కూడి కంపెనీ పెట్టుట అన్ని ఊళ్లలోను రేపే సాధ్యము గాదు. మనలో చాలమంది ఇంకను ఆసామికో, పట్టణపు దుకాణమునకో, ఎగుమతిదారునకో సరుకు వేయువారే. కావున న్యాయమైన విక్రయకర్తను గుర్తుపట్టుట యెట్లని సభ్యులు కొందరు మమ్ములను అడుగుచుందురు. అతని మాటలు వినవద్దు, అతడు డబ్బిచ్చు తేదీ చూడుడని మా జవాబు. ధర గొప్పగా చెప్పి ఆరు నెలలకు ఇచ్చువాడు ధర్మాత్ముడు గాడు.

ఒక లెక్క వేసి చూతము. ఒక సభ్యుడు షావుకారు వద్ద నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి 20,000 తెచ్చి నూలు, రంగులు కొని 100 మీటర్ల గుడ్డ నేసినాడనుకొందము. ఒక వర్తకుడు నెలలో సొమ్మిచ్చును. రెండవవాడు మీటరుకు 10 రూపాయలు ఎక్కువ యిచ్చెదననును, అనగా మొత్తముపై 1,000 అధికము. కాని చేతికి వచ్చునది ఆరు నెలలకు. మొదటివానితో వడ్డీ 600. రెండవవానితో 3,600. వేయి వచ్చినదని సంతోషించినవాడు రెండు వేలు పోగొట్టుకొన్నాడు. మధ్యలో మగ్గము ఖాళీగా నిలిచిన దినముల కూలి ఈ లెక్కలో వేయలేదు.

ఈ ఆలస్యమును అరికట్టుటకు చట్టమున్నది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టము ప్రకారము, రిజిస్టరు చేసికొన్న చిన్న ఉత్పత్తిదారునకు కొనుగోలుదారు వ్రాతపూర్వకమైన ఒప్పందమున్నను సరుకు అంగీకరించిన 45 దినములలో సొమ్ము చెల్లించి తీరవలెను. ఒప్పందము లేనిచో 15 దినములు. గడువు దాటినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడు రెట్లు చొప్పున నెలనెలకు చక్రవడ్డీ ఇచ్చుకొనవలెను. తగవు వచ్చినపుడు రాష్ట్రములోని ఫెసిలిటేషన్ కౌన్సిలునకు అర్జీ పెట్టవచ్చును. మరియొక అంశము కలదు. సరుకు ముట్టిన 15 దినములలోగా కొనువాడు వ్రాతమూలముగా అభ్యంతరము చెప్పనిచో, ముట్టిన దినమునే అంగీకరించిన దినముగా ఎంచుదురు. మూడు నెలలు ఊరకుండి, పిమ్మట రంగు బాగులేదని తగ్గింపు కోయువారికి ఇది గట్టి జవాబు.

రిజిస్ట్రేషను 2020 జూలై 1వ తేదీ నుండి ఉద్యమ్ అను పేర జరుగుచున్నది. దానికి రుసుము లేదు. మగ్గము యజమాని తన ఆధారు నంబరుతో చేసికొనవచ్చును. తగవు వచ్చిన తరువాత చేసికొన్నచో పాత సరుకునకు అది పనికి వచ్చుట కష్టము గనుక ముందుగానే చేసికొనవలెను. కాని ఆ 45 దినములు లెక్క మొదలగుటకు సరుకు ఏ తేదీన ముట్టినదో కొనువాని సంతకముతో కాగితము చేత నుండవలెను. మన సభ్యులలో అనేకులు ఇప్పటికిని తానులు మూటగట్టి, దుకాణపు బల్లపై పెట్టి, గుమాస్తా తన పుస్తకములో ఏదో వ్రాసికొనగా చూచి ఇంటికి వచ్చుచున్నారు. రసీదు పుస్తకము వెల యాబది రూపాయలు ఉండును.